రెండు బోర్డులు, ఒకే దీపం

కొత్త బోర్డును నలుగురు మనుషులు మోసుకొచ్చి కంట్రోలు గది బల్లమీద దించినప్పుడు, పాత బోర్డు గోడకు ఒరుసుకొనేంతగా పక్కకు జరగవలసి వచ్చింది. జరిపింది దాన్ని నడిపే మనిషే. ముందు తన కుర్చీ జరుపుకొంది. తరువాత బోర్డు కింద ఇన్నేళ్ళుగా పేరుకొన్న దుమ్మును తడిగుడ్డతో తుడిచింది. ఆ తరువాతనే బోర్డును రెండు చేతులా పట్టి, నిద్రపోతున్న మనిషిని పక్కకు ఒత్తిగిలబెట్టినంత నెమ్మదిగా జరిపింది.

నాటకశాలలో ఆమెను అందరూ బోర్డు పిన్ని అనేవారు. వేదిక పైనున్న ప్రతి దీపానికీ ఆమె బోర్డుమీద ఒక ఫేడరు ఉంది. సన్నని గాడిలో దాన్ని పైకి తోస్తే దీపం పెరుగుతుంది. కిందికి దించితే తగ్గుతుంది. అటువంటివి నలభై ఎనిమిది. ఇరవయ్యారేళ్ళుగా ఆమె పది వేళ్ళకూ అవే ఇరుగుపొరుగు.

"మీ బోర్డు తీసెయ్యట్లేదండీ పిన్నిగారూ," అన్నాడు డిజైనరు, ఆమె అడగకముందే. ముప్పయ్యేళ్ళవాడు, నాటకబృందం ఈసారి తన వెంట తెచ్చుకొన్న వెలుగుల నిపుణుడు. "రెండూ కనెక్షన్లోనే ఉంటాయి. మీ పని మీరు మామూలుగా చేసుకోండి."

"మరి ఇదెందుకు బాబూ?"

"ఇది... తోడుకండీ."

"నాకు తోడా, దానికి నేను తోడా?"

అతడు నవ్వి, వైర్ల చుట్ట విప్పడంలో పడ్డాడు. బృందం ఏదైనా సరే, ప్రదర్శన జరిగినంతసేపూ హాలు ఆపరేటరు కంట్రోలు గదిలో కూర్చొని ఉండాలన్నది ఆ నాటకశాల నియమం. అందుచేత ఆమె కూర్చొంది.

నాటకం ఆమెకు కొత్తది కాదు. అదే బృందం మూడుసార్లు ఇక్కడ ఆడింది. మూడుసార్లూ వెలుగు ఆమెదే. ఏ మాట దగ్గర ఏ దీపం ఎంతవరకు లేవాలో, ఎన్ని సెకన్లలో దిగాలో, అన్నీ నీలం అట్ట పుస్తకంలో రాసి ఉంచుకొంది. ఆ పుస్తకాన్ని డిజైనరు కిందటి వారమే "ఒకసారి చూసి ఇస్తానండీ" అని పట్టుకెళ్ళాడు. తిరిగి ఇచ్చేటప్పుడు చిరిగిన వీపుకు శుభ్రంగా టేపు వేసి ఇచ్చాడు. పెద్దలు నేర్పిన పిల్లవాడని ఆమె సంతోషించింది కూడా.

మొదటి రోజు రిహార్సలు సాఫీగా జరిగింది. ఆమె ఫేడరు తోసినప్పుడల్లా దీపం లేచింది, దించినప్పుడల్లా దిగింది. పక్కన డిజైనరు తన తెర వంక చూస్తూ, ఒకే ఒక మీటను అప్పుడప్పుడు నొక్కుతూ కూర్చొన్నాడు. కుడి మణికట్టు నొప్పి పెడుతున్నా, తోడుగా ఒక మనిషి ఉండడం బాగానే ఉందని ఆమెకు అనిపించింది.

రెండవ రోజు దగ్గు వచ్చింది.

రెండవ అంకంలో, నాయిక కిటికీ దగ్గరకు నడిచే చోటు. ముప్పై నాలుగవ మార్పు. కిటికీ నీలం ఆరు సెకన్లలో లేవాలి. సరిగ్గా ఆ క్షణాన గొంతు పట్టుకొని, ఆమె నీళ్ళ సీసా కోసం కిందికి వంగింది. లేచి చూసేసరికి కిటికీ నీలంగా ఉంది.

ఆమె చేయి కదలలేదు, వెలుగు కదిలింది.

ఒక గుక్క నీళ్ళు తాగి, సీసా మూత తిప్పి పెట్టింది. తరువాత పందొమ్మిదవ ఫేడరును, అంటే ముసలి తండ్రి కూర్చొన్న కుర్చీమీది దీపాన్ని, అడుగుదాకా దించింది. కుర్చీ వెలుగుతూనే ఉంది. ఇరవయ్యవది దించింది. ఇరవయ్యొకటి. డిజైనరు తన తెరవంకే చూస్తున్నాడు. ఆమె ఎడమ చివరినుండి కుడి చివరిదాకా నలభై ఎనిమిది ఫేడర్లనూ ఒక్కొక్కటిగా దించేసింది. ఆమె బోర్డు లెక్కన ఇప్పుడు వేదిక చిమ్మచీకటి. అద్దం అవతల మాత్రం నటీనటులు నిండు వెలుగులో ఒకరి తప్పులు ఒకరు ఎంచుకొంటూ పోట్లాడుకొంటున్నారు.

కొంతసేపు ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకొని చూసింది. తరువాత పుస్తకం తెరిచి, ఆ దృశ్యానికి ఏ ఫేడరు ఎక్కడ ఉండాలో చూసుకొంటూ, అన్నింటినీ తిరిగి వాటి వాటి చోట్లకు చేర్చింది.

రిహార్సలు ముగిసి, హెడ్‌ఫోను వైరు చేతికి చుట్టుకొంటూ అడిగింది.

"బాబూ, నా బోర్డు మాట దీపాలకు వినిపిస్తోందా?"

అతడు తల ఎత్తాడు. అబద్ధం వెతుక్కొన్నాడు, దొరకలేదు.

"వినిపిస్తుందండీ. కానీ వినవు."

"మా ఆయనలాగా అన్నమాట."

అతడికి నవ్వడానికి ధైర్యం చాలలేదు. "ఒకే దీపానికి ఇద్దరు రెండు మాటలు చెప్తే అది ఎవరి మాట వినాలండీ? అందుకని ప్రతి బోర్డుకీ ఒక ప్రయారిటీ అంకె ఇస్తాం. మీది వంద. నాది నూటయాభై. పెద్ద అంకె మాట్లాడుతున్నంతసేపూ దీపాలు చిన్న అంకెను పట్టించుకోవు."

"పెద్ద అంకె నోరు మూస్తే?"

"లైను తెగితే రెండున్నర సెకన్లు చూస్తాయి. అప్పటిదాకా ఉన్న వెలుగు ఉన్నట్టే ఉంటుంది. తర్వాత మీ మాట వింటాయి. మీరు బ్యాకప్ అన్నమాట."

"ఆ అంకెలు వేసిందెవరు?"

"నేనేనండీ. మీ పుస్తకంలోని మార్పులన్నీ దీంట్లోకి ఎక్కించింది కూడా నేనే." గొంతు తగ్గించాడు. "చెప్దామనే అనుకున్నాను. దర్శకుడుగారే, పెద్దావిడ, చెప్పి నొప్పించొద్దన్నారు."

"నొప్పి తెలియకుండా కోశారు. మంచిదే," అని, చుట్టిన వైరును కొక్కేనికి తగిలించి, ఆమె దీపం ఆర్పి బయటికి నడిచింది. ఆ గది దీపం మాత్రం ఆమె మాట విన్నది.

మరునాటి ఉదయం నాటకశాల మేనేజరు కబురు పెట్టాడు. ఆయన గదిలో ఎప్పుడూ రెండు కుర్చీలు ఉండేవి. ఆమె వచ్చేసరికి రెండవదానిమీద కాగితాల కట్ట ఉంది. ఆయన దాన్ని తీయబోయి, ఎక్కడ పెట్టాలో తోచక, తిరిగి అక్కడే పెట్టాడు. ఆమె నిలబడింది.

"వచ్చే నెలనుంచి ఏ బృందానికి ఆ బృందమే బోర్డు తెచ్చుకుంటుందట పిన్నీ. మనుషుల్ని కూడా వాళ్ళే తెచ్చుకుంటారు. నిన్ను తీసేస్తామని కాదు. గేటు దగ్గర టిక్కెట్లు చూసే పని ఉంది. కూర్చునే పనే."

"ఇదీ కూర్చునే పనేగదండీ."

"ఇంకా ఖాయం కాలేదు. ఈ రెండు షోలూ అయ్యాక ఆ డిజైనరు ఒక కాగితం రాసిస్తాడు, హాలు బోర్డు అవసరం పడిందా లేదా అని. పడిందంటే నువ్వు గదిలోనే ఉంటావు. లేదంటే గేటు దగ్గరకి."

ఆమె ఆ మాటను ఒకసారి లోపల తిప్పి చూసుకొంది. "అంటే షో బాగా జరిగితే నా పని పోతుంది. నా పని ఉండాలంటే షో చెడాలి. నన్ను దేనికి మొక్కుకోమంటారు?"

మేనేజరు బల్లమీది పెన్నును తీసి చూసి, మూత సరిగ్గానే ఉన్నదని నిర్ధారించుకొని, కింద పెట్టాడు. "నువ్వు మరీ తిరకాసుగా మాట్లాడతావమ్మా," అన్నాడు.

ఆమె భర్త దర్జీ; ఇంటి ముందుగదిలోనే మిషను. చెవులు కొంత మందం. ఉన్న వినికిడిని కూడా ఆచితూచి ఖర్చు పెడతాడని ఆమె ఫిర్యాదు. మొదటి ప్రదర్శన రోజు పొద్దున ఆమె సంగతంతా చెప్పింది. ఆయన చొక్కా కాలరు తిరగేస్తూ విన్నాడు.

"వినని దీపాలకి చెప్పడం దేనికి? హాయిగా కునుకు తియ్యి."

"చేతులు ఊరుకోవండీ."

"ఊరుకోకపోతే ఇంద," అని రెండు చొక్కాలూ, ఒక చిన్న డబ్బా ఆమె ముందుకు తోశాడు. "గుండీలు కుట్టు. ఇవి నువ్వెక్కడ కుడితే అక్కడే ఉంటాయి. ఎదురు చెప్పవు."

ఆమె నాలుగు గుండీలు కుట్టి, అయిదవదానికి దారం ఎక్కించలేక, సూదిని బట్టకే గుచ్చి వదిలేసింది. నిజానికి ఆమెకు కోపంకన్న అలసట ఎక్కువగా ఉంది. ఈ మణికట్టుతో ఇంకెన్నాళ్ళని తానే అనుకొంటూ వచ్చింది. అయితే తప్పుకోవడం వేరు, తప్పించారని తెలియకుండా రెండు రోజులు బుద్ధిగా పని చేయడం వేరు. ఆ రెండు రోజులే ఆమెకు గొంతులో అడ్డుపడ్డాయి.

సాయంకాలం నాలుగింటికి తెర లేచింది. ఆమె పుస్తకం తెరిచిపెట్టుకొని, ప్రతి మార్పుకూ తన ఫేడర్లను తానూ కదుపుతూ కూర్చొంది. డిజైనరు ఒకసారి అటు చూసి, చూపు తిప్పుకొన్నాడు. ఎవరూ వినని మాటను ఆమె తప్పు లేకుండా పలుకుతోంది.

మూడవ అంకం మొదలైన పది నిమిషాలకు అతడు మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తరువాత వేలు తీయకుండా నొక్కి పట్టాడు.

"ఏమైంది?"

"బిగుసుకుపోయిందండీ." తెరమీద గడియారం ఒకే సెకను దగ్గర ఆగి ఉంది. "ఆపి మళ్ళీ మొదలెట్టాలంటే నాలుగు నిమిషాలు పడుతుంది."

వేదికమీద ఒక్క మేజా దీపపు వెలుగు మాత్రమే ఉంది. వెనుక, ఎనిమిది మెట్ల పైన, చీకటిలో డెబ్బయి రెండేళ్ళ నటి నిలబడి ఉంది. బృందమంతా ఆమెను పెద్దమ్మ అంటారు. ఇంకొక అరనిమిషంలో కింద చెల్లెలి పాత్ర "అక్కా, దిగి రావూ" అని పిలుస్తుంది, పిలుపు ముగిసేసరికి మెట్లమీద వెలుగు రావాలి, పెద్దమ్మ దిగాలి. మెట్లకు పట్టుకొనే ఆధారం ఏమీ లేదు. ఆమె చూపు అంతంతమాత్రం. వెలుగు రాకపోయినా ఆమె అడుగు వేస్తుంది. ఇన్ని ప్రదర్శనల్లో అది రాని రోజు లేదు గనుక.

కొత్త బోర్డుకు స్పృహ తప్పింది గాని పదవి పోలేదు. దాని అంకె నూటయాభైయే. ఆఖరిసారి అన్న మాటనే ఆగకుండా అంటూ పోతోంది. దీపాలు భక్తిగా వింటూనే ఉన్నాయి.

"వైరు పీకెయ్యి బాబూ."

"అమ్మో! మొత్తం ఆరిపోతే?"

"ఆరవని నువ్వేగా చెప్పావు."

"చెప్పానండీ... ఎప్పుడూ చేసి చూళ్ళేదు."

అతడు ఇంకేదో అంటుండగానే ఆమె లేచింది. వయసు మళ్ళిన మోకాళ్ళు చప్పుడు చేశాయి. కొత్త బోర్డు వెనక్కి చేయి పోనిచ్చి, తడిమి, వైరు మొన దగ్గరి చిన్న నాలుకను బొటనవేలితో నొక్కి లాగేసింది. తిరిగి కూర్చొనే తీరిక లేదు. నిలబడే తన మేజా దీపపు ఫేడరును చూసుకొంది. అది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఒకటి. రెండు. ఆ పైన అర ఎంతసేపో ఆమెకు తెలియలేదు.

మేజా దీపం ఆరలేదు, పెరగలేదు, తగ్గలేదు. ఆమె ఆ ఫేడరును వెంట్రుకవాసి దించి చూసింది. దీపం వెంట్రుకవాసి దిగింది.

"అక్కా, దిగి రావూ," అన్నది కింద చెల్లెలు.

మెట్ల ఫేడరు ముప్పయ్యొకటి. పుస్తకంలో నాలుగు సెకన్లని ఉంది. ఆమె పుస్తకం చూడలేదు. పైన చీకటిలో ఒక తెల్లని పాదం మొదటి మెట్టు అంచును వెతుకుతోంది. వేలు ఆ పాదంతోపాటు కదిలింది. పాదం ఆనేలోగా దాని కిందికి వెలుగు చేరుకొంది. రెండవ మెట్టుకు కొంత, మూడవదానికి మరికొంత. పెద్దమ్మ ఎనిమిది మెట్లూ దిగి చెల్లెలి చేయి పట్టుకొంది. హాలులో ఎవరో చిన్నగా దగ్గారు. అంతకు మించి ఏమీ జరగలేదు.

మిగిలిన అంకమంతా ఆమె చేతులే నడిపాయి. తెర పడ్డ తరువాతనే, బాగుపడిన బోర్డుకు వైరు తిరిగి తగిలించమని తల ఊపింది. మణికట్టు నిప్పులా మండుతోంది.

దర్శకుడు కంట్రోలు గది మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చి డిజైనరు వీపు చరిచాడు. "ఆ మెట్ల దగ్గర వెలుగు చూశావటయ్యా! రిహార్సల్లో కూడా అంత మెత్తగా రాలేదు. ఊరికే అన్నారా, కొత్త బోర్డు కొత్త బోర్డే!" ఆమె వంక తిరిగి, "ఏం పిన్నీ, కాలుమీద కాలు వేసుకుని నాటకం చూశావా? రాజభోగం!" అన్నాడు.

డిజైనరు నోరు తెరిచాడు. ఆమె అతడి వంక చూడలేదు, చూస్తే అడిగినట్టవుతుందని. అతడు తిరిగి తగిలించిన వైరును ఒకసారి వేలితో సరిచేసి, "థాంక్యూ సార్," అన్నాడు.

మరునాటి ఉదయం మేనేజరు కాగితం చూపించాడు. డిజైనరు దస్తూరీ ముచ్చటగా ఉంది. హాలు బోర్డు, హాలు ఆపరేటరు సహకారం మరువలేనివనీ, అవసరం మాత్రం పడలేదనీ రాశాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"ఇవాళ్టి షో అవ్వకముందే రాసేశాడా?"

"బృందం రాత్రికే బయల్దేరుతుందిగా. తీరిక ఉండదని."

"సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"నీదా? నీది అక్కర్లేదు."

సాయంకాలం డిజైనరు ఆమెకంటె ముందే వచ్చి కూర్చొన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె సంచి కొక్కేనికి తగిలించి, కళ్ళద్దాలు తుడుచుకొనేదాకా ఆగాడు.

"నిజం రాయాలంటే నా బోర్డు ఆగిపోయిందని రాయాలండీ. ఇంత పెద్ద పని నాకు ఇదే మొదటిది. వాళ్ళు ఇంకోసారి పిలవరు."

"తెలుసు."

"నామీద కోపంగా లేదా?"

"ఉంది. ఉంటే మాత్రం? చెయ్యి వణికితే దీపం వణుకుతుంది. నీ కుర్చీ కాస్త అటు జరుపుకో, మోచెయ్యి తగులుతోంది."

అతడు జరుపుకొన్నాడు. తరువాత తెరమీద ఏదో తెరిచి, ఆమెకు కనబడేటట్టు తిప్పాడు. రెండు గళ్ళలోనూ వంద అని ఉంది.

"నా అంకె కూడా తగ్గించేశాను. ఇవాళ ఇద్దరిదీ ఒకటే."

"అయితే దీపం ఎవరి మాట వింటుంది?"

"అంకెలు సమానమైతే ఏ దీపానికైనా ఎవరు ఎక్కువ వెలుగు చెప్తే వాళ్ళ మాట. వెలిగించడానికి ఒక్కరు చాలండీ. ఆర్పాలంటే మాత్రం ఇద్దరం దించాలి."

"దర్శకుడికి చెప్పావా?"

"లేదండీ."

"చెప్పకుండా చెయ్యడం మీకు బాగా అలవాటైందే," అన్నది ఆమె. ఆమె పుస్తకం తెరిచింది.

అది సులభమైన సాయంకాలం కాదు. యంత్రం తన సెకన్ల ప్రకారం దిగుతుంది. ఆమె వేలు వెనకబడితే దీపం ఆమె కోసం ఆగిపోతుంది. మొదటి అంకంలో రెండుసార్లు ఆమె ఆలస్యమైంది. రెండుసార్లూ అతడు పెదవి కొరుక్కొన్నాడు. రెండవ అంకంనుండి అతడు తెరమీద చూపు వదిలి ఆమె చేతిని చూస్తూ, అది కదలగానే మీట నొక్కసాగాడు. మూడవ అంకంలో పెద్దమ్మ మెట్లు దిగింది.

ఆఖరి దృశ్యంలో వేదిక ఖాళీ అయి, గుమ్మం దగ్గర పెద్దమ్మ ఒక్కతే మిగులుతుంది. అందరూ వెళ్ళిన దారివైపు చూసి, ఆఖరి మాట అంటుంది. అక్కడినుండి ఎనిమిది సెకన్లలో చీకటి. ఆ ఎనిమిదిని ఏనాడో స్టాప్‌వాచీ పట్టుకొని పుస్తకంలో రాసింది బోర్డు పిన్నే.

పెద్దమ్మ ఆ మాట అన్నది. అతడు మీట నొక్కాడు. ఆమె ఏడవ ఫేడరును, అంటే గుమ్మం దీపాన్ని, దించసాగింది.

సగం దిగేసరికి చూసింది. పెద్దమ్మ భుజాలు పైకి బిగిసి ఉన్నాయి. మాట అనడానికి తీసుకొన్న ఊపిరి ఇంకా లోపలే ఉంది. ఇన్నేళ్ళూ ఆ ఊపిరి చీకటిలో విడిచేది కాబోలు. ఎవరూ చూసి ఉండరు. పిన్ని వేలు ఆగింది.

పక్కన కొత్త బోర్డుమీద సెకన్ల లెక్క సున్నాకు చేరింది. వేదికమీద వెలుగు ఆగిపోయింది.

పెద్దమ్మ చీకటి కోసం ఎదురుచూసి, అది రాకపోవడం గ్రహించింది. పాత్ర అయిపోయింది, వెలుగు అయిపోలేదు. ఏం చేయాలో నేర్పినవారు లేరు. భుజాలు నెమ్మదిగా దిగాయి. రెండు చేతులూ ఎత్తి, తనవి కావన్నట్టు వాటిని చూసుకొంది. తరువాత గుమ్మానికి తల ఆనించింది. డిజైనరు పిన్ని వేలి వంకే చూస్తున్నాడు.

అప్పుడు ఆమె దించింది. దీపం ఆరింది.

చప్పట్లు ఒక్కసారి కాక, ముందు ఒక మూలనుండి, తరువాత అన్ని వైపులనుండీ వచ్చాయి. నటీనటుల వందనానికి దీపాలన్నీ లేపుతుండగా హెడ్‌ఫోనులో దర్శకుడి గొంతు వినిపించింది.

"చివర్లో ఏమైందయ్యా? ఎందుకాగింది?"

డిజైనరు ఆమె వంక చూశాడు. ఈసారి అతడికి మాట వెతుక్కోవలసిన పని పడలేదు.

"ఆవిడ దించలేదండీ."

"ఎవరు?"

"బోర్డు పిన్నిగారు. ఇవాళ ఆవిడ దించితేగానీ ఆరదు. నిన్న మెట్ల దగ్గర కూడా ఆవిడేనండీ. నా బోర్డు ఆగిపోయింది."

"సరేలే, అవన్నీ తర్వాత," అన్నాడు దర్శకుడు. "ఆ ఆగడం మాత్రం బ్రహ్మాండం. ఇకమీదట ప్రతి ఊళ్ళోనూ అలాగే ఉండాలి. ఎన్ని సెకన్లో ఆవిణ్ణి అడిగి ఎక్కించుకో."

తెర మూసుకొంది. జనం లేస్తున్నారు. డిజైనరు కాగితం ముందుకు లాక్కొని, పెన్ను తీశాడు.

"ఎన్ని సెకన్లు పట్టారండీ?"

"లెక్కపెట్టలేదు."

"సుమారుగా?"

"ఆవిడ ఊపిరి వదిలేదాకా చూశాను."

అతడు పెన్ను కాగితానికి ఆనించి, ఏ అంకె వేయాలో తోచక అలాగే ఉండిపోయాడు. అద్దం అవతల వందనపు దీపాలు ఇంకా నిండుగా వెలుగుతున్నాయి. ఆమె ఎడమ చివరి ఫేడరుమీద వేలు పెట్టి, "నీవి కూడా దించు బాబూ. లేకపోతే ఇవి ఆరవు," అన్నది.